కొత్త ఇంజనుతో కృష్ణ మీద పది గంటలు

మా సైదులు బావ నన్ను రమ్మని ఫోను చేసింది చుట్టరికం కోసం కాదు, ఇంగ్లీషు చదవడం కోసం. "మరదలా, పడవకు ఇంజను వచ్చింది. దాని వెంబడి గింత లావు బుక్కు వచ్చింది. అండ్ల ఒక్క ముక్క తెలుగుల లేదు. నువ్వు రావాలె," అన్నాడు. చిట్యాల హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషిని నేను. దసరా సెలవులు ఇంకా నాలుగు రోజులు మిగిలాయి. ఇంట్లో ఉంటే హైవే మీద లారీల మోత వినడం తప్ప వేరే పనిలేదు. వెంటనే బ్యాగు సర్దుకున్నాను.

బావ, మా లక్ష్మక్క ఉండేది దేవరకొండ దాటి, చందంపేట అవతల, నాగార్జునసాగర్ వెనక నీళ్ల ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు రాయను. రాస్తే అక్క నన్ను గడప తొక్కనివ్వదు. బావ ముప్పై ఏళ్లుగా ఆ నీళ్ల మీద తెడ్డు వేసుకుంటూ చేపలు పడుతున్నాడు. ఈ ఎండాకాలం నుంచి ఆయన కుడి భుజం పైకి లేవడం లేదు. ఇంకా తెడ్డు పట్టుకుంటే అన్నం ముద్ద నోటిదాకా రాని రోజు వస్తుందని దేవరకొండ దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

ఈ మాట విన్న మా అన్న మేళ్లచెరువు నుంచి ఫోను చేశాడు. ఆయన అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. గేటు దగ్గర వాచ్‌మెన్ ఉద్యోగం ఖాళీగా ఉందట. కుర్చీలో కూర్చునే పని. సోమవారం పొద్దున్నే ఏదో ఒకటి చెప్పాలన్నాడు. అక్క పొమ్మంది. బావ మాత్రం ఒకరోజు హైదరాబాదు వెళ్లి, పడవ వెనక తగిలించే చిన్న మోటారును మోసుకొచ్చాడు. దానికోసం అక్క ఆరు మేకలు పోయాయి. "మందను అమ్మి మోతను తెచ్చిండు," అని అక్క నేను గడపలో అడుగు పెట్టీ పెట్టగానే చెప్పింది.

ఆ తర్వాత తన షరతు చెప్పింది. "పది గంటలు నడిపి సూపియ్యమను. ఎవ్వల సాయం లేకుంట తనే స్టార్టు జెయ్యాలె. ఆదివారం మాపటికి ఇంజను మంచిగుంటే ఆయన నీళ్లు ఆయనకు. లేకుంటే సోమవారం మేళ్లచెరువు బస్సెక్కుడే."

పది గంటల లెక్క అక్కది కాదు, షాపువాళ్లది. కొత్త ఇంజనులో ఇనుము ఇంకా ఇనుముతో సర్దుకుని ఉండదు. మొదటి గంట నెమ్మదిగా నడపాలి, రెండో గంట సగం వేగంతో, మిగతా ఎనిమిది గంటలు వేగం మారుస్తూ. పూర్తి వేగం మాత్రం అయిదు నిమిషాలు మించకూడదు. అలా పది గంటలు నడిచాక మొదటి ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి. అరుగుదలలో రాలిన పొడి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది. అది కమురు వాసన కొట్టినా, వేళ్ల మధ్య ఇసుకలా తగిలినా ఇంజనుకు దెబ్బ తగిలినట్టేనని షాపతను బావకు చెప్పి పంపాడు. అంటే మా బావ బతుకు నీళ్ల మీదా, గేటు దగ్గరా అన్నది ఆ ఆయిల్ చెప్పాలి.

రేవు ముందే చక్కర్లు కొడితే సరిపోయేది. బావ ఒప్పుకోలేదు. "ఎటన్న పోదాం. డిండి కలిసేకాడికి, ఆడికెళ్లి పాలమూరు అడవి ఒడ్డుకు. తెడ్డుతోని పోయి పదేండ్లయింది," అన్నాడు. అక్క కూడా వస్తానంది. ఎందుకంటే తీర్పు చెప్పేవాళ్లు దగ్గరుండి చూడాలట.

రేవులో బొట్టు

శుక్రవారం పొద్దున్నే పూజ. కొత్త సైకిలుకైనా, బోరు మోటారుకైనా పసుపు బొట్టు పెట్టకుండా వాడే ఇల్లు మా వైపు ఉండదు. బావ పడవ వెనక చెక్కకు ఇంజను బిగించి, తుడిచి, "లక్ష్మీ, నీ చెయ్యితోని పెట్టు," అన్నాడు. అక్క కొంగు నడుముకు చెక్కుకుని దూరంగా నిలబడింది.

"నేను పెట్ట. బుక్కు సదివెటామె పెడ్తది," అంది.

నేనే పెట్టాను. పైన టోపీ లాంటి మూతకు మూడు బొట్లు, రెండు పక్కలా రెండు. వెనక వైపు కిందుగా ముక్కుపుడక పట్టేంత చిన్న బొక్క ఒకటి కనిపించింది. ముచ్చటగా ఉందని దాని మీదా ఒక బొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. నేను ఇంట్లోకి పోయి బ్యాగూ పుస్తకమూ తెచ్చుకునేసరికి అక్క పడవ మధ్యలో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇంజను తాడు లాగి స్టార్టు చేయాలి. కుడి భుజం పనికిరాదు కాబట్టి బావ ఎడమ చేత్తో లాగాడు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి నేను లేవబోతే "కూసో మరదలా," అని గట్టిగా అన్నాడు. అయిదోసారికి ఇంజను అందుకుంది. ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అక్క అటు చూడనట్టే చూసింది.

ఇరవై ఆరో పేజీ

వానాకాలం ముగిసి నీళ్లు నిండుగా ఉన్నాయి. మా చిట్యాలలో నీళ్లంటే బిందె, ట్యాంకరు, ఫ్లోరైడు. ఇక్కడ కంటికి ఆనినంత దూరం నీళ్లే. అవతల గుంటూరు కొండలు, ఇవతల మన పత్తి చేలు. మునిగిన చెట్ల మోడుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఇంజను మెల్లగా కూస్తోంది. నడిచిపోయే మనిషి మమ్మల్ని దాటిపోతాడేమో అన్నంత నెమ్మదిగా పోతున్నాం.

నేను పుస్తకం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నాకో జబ్బుంది. పాఠం మధ్యలోంచి మొదలుపెట్టను. సిలబస్ ఒకటో పేజీ నుంచే. కాబట్టి ఒకటో పేజీ నుంచి వరసగా చదివాను: ఇంజను నంబరు ఎక్కడుంటుంది, ఎలా మోయాలి, ఎలా బిగించాలి. బిగించి నడుపుతున్న ఇంజనును ఎలా బిగించాలో బావ ఎంతో ఓపికగా విన్నాడు.

కొంతసేపటికి ఒక వాసన వచ్చింది. తాలింపులో పసుపు మాడితే వచ్చేలాంటిది. "మూటల ఏం తెచ్చినవే?" అని బావ అక్కను అడిగాడు. "పచ్చిపులుసు, రొట్టెలు. ఏమన్న మాడేటివా?" అంది అక్క. ఒడ్డున ఎవరో వండుకుంటున్నారనుకున్నాం.

యాభై నిమిషాలకు ఒక తండా రేవు దగ్గర ఆపాం. అక్క మజ్జిగ కోసం పైకి వెళ్లింది. నేను పడవలోనే కూర్చుని పేజీ తిప్పాను. ఇరవై ఆరో పేజీ. అందులో ఒక బొమ్మ, దాని కింద పెద్దక్షరాలు: ఇంజను స్టార్టు కాగానే ఈ రంధ్రం నుంచి నీటి ధార వస్తోందో లేదో చూడండి. రాకపోతే వెంటనే ఆపేయండి. ఇంజనును చల్లబరిచే నీరు తిరగడం లేదని అర్థం.

బొమ్మలో ఉన్నది నేను బొట్టు పెట్టిన బొక్క.

"బావా, గా బొక్కకెళ్లి నీళ్లు రావాలెనట," అన్నాను. బావ వంగి చూశాడు. బొక్క నిండా పసుపు, మీద కుంకుమ. వేడికి ఎండి సిమెంటులా గట్టిపడింది. యాభై నిమిషాలు ఒక్క చుక్క నీరు రాకుండా ఇంజను నడిచింది. ఆ మాడు వాసన ఏమిటో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

బావ వలకు కట్టే గట్టి నైలాను దారం ముక్క తీసి బొక్కలో పెట్టి పొడిచాడు. పసుపు పొడి పొడిగా రాలింది. పది నిమిషాలు పొడిచి, ఎడమ చేత్తో తాడు లాగాడు. ఇంజను అందుకుంది. కాసేపటికి ఆ బొక్కలోంచి, చంటిపిల్లాడు ఉచ్చ పోసినట్టు, సన్నగా ఒక ధార ఎగిరి నీళ్లలో పడింది.

"అక్కకు చెప్త," అన్నాను.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు చెప్తె ఇక్కడికెల్లే వాపస్ తిప్పుమంటది. పది గంటలు నడవనియ్యి. ఏమన్న అయితే ఆయిల్‌ల తెలుస్తది," అన్నాడు.

ఒప్పుకున్నాను. తప్పని తెలిసే ఒప్పుకున్నాను. ఇంగ్లీషు చదవడానికని పిలిపించుకుంటే, చదవకముందే ఇంజను గొంతు నొక్కిన మనిషిని నేను. ఒక్కో మజిలీలో ఎంతో బాగున్నవి ఎన్నో చూశాను గానీ, ఆ మూడు రోజులూ నా చూపు సగం ఆ ధార మీదే ఉంది.

రాములమ్మ వాకిలి

ఇంజను మూడు గంటలు నడిచేసరికి డిండి వాగు కృష్ణలో కలిసే చోటు చేరాం. అక్కడికి దగ్గర్లో రాములమ్మ అనే ఆమె ఇల్లు. బావ పూర్వం తెడ్డు వేసుకుని వచ్చినప్పుడు వాళ్లింట్లోనే ఆగేవాడట. రెండెకరాల పత్తి, నాలుగు బర్రెలు. పదేళ్ల తర్వాత చూసినా ఆమె "ఏంది సైదులూ, గింత లేటయింది?" అని నిన్న పోయిన మనిషిని అడిగినట్టు అడిగింది.

ఆమె వాకిలిలో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. పిండిని అరచేతుల మధ్య తిప్పి తిప్పి తట్టింది. పీట, కర్ర ఏమీ లేవు. మా ఇంట్లో నేను చపాతీ కర్రతో జొన్నరొట్టె చేస్తానంటే నవ్వాపుకోలేకపోయింది. "టీచరమ్మా, రొట్టెను కొట్టాలె గాని ఇస్త్రీ జేస్తరా?" అంది. పులుసు పొద్దున్నే చేసి పెట్టారు. బొచ్చె ముక్కలు చింతపండు పులుసులో నానితేనే రుచి అని, చేసిన పూట ఎవరూ తినరట. అక్కడ కిలో బొచ్చె నూట ఇరవై. అదే చేప చిట్యాలలో హైవే పక్కన రెండు వందలు, అదీ ఐసులో రెండు రోజులు పడుకుని లేచింది.

"ఎందుకొచ్చిండ్రు?" అని రాములమ్మ అడిగింది. ఇంజనును అరగదీయడానికని చెప్పాను. "కొత్తదాన్ని అరగదీసుడేంది తల్లీ?" అని నోరు తెరిచింది. బావ అడ్డుపడి, "కోడెను ఒక్కసారే బండికి కట్టి బరువేస్తమా? గట్లనే," అన్నాడు. ఆమెకు టక్కున అర్థమైంది. నేను ఇరవై ఆరు పేజీలు చదివి చెప్పలేని మాట అది.

అక్క పొయ్యి వెలుగులో నా మొహం చూసి, "ఏందే, అన్నం సయిస్తలేదా?" అంది. పులుసు కారంగా ఉందన్నాను. లేదు, చాలా బాగుంది.

లోయలో ఒక వేలు

శనివారం ఎగువకు బయలుదేరాం. నీళ్లు సన్నబడి, రెండు వైపులా రాతి గోడలు లేచాయి. కుడి వైపు పాలమూరు జిల్లా అడవి. ఇప్పుడు ఆ జిల్లాను ముక్కలు చేసి పేర్లు మార్చారు గానీ, బావకు అదంతా పాలమూరే. కొండ మీద కోతులు, ఒకచోట నీళ్ల దగ్గర దుప్పి. ఇంజను మోతకు అది పారిపోలేదు. మేమంత నెమ్మదిగా పోతున్నాం.

బావ వేగం పెంచి, తగ్గించి, మళ్లీ పెంచి నడుపుతున్నాడు. నేను గడియారం చూసి చెబుతున్నాను. లోయ మధ్యలో, నీళ్లు నల్లగా లోతుగా ఉన్న చోట, ఇంజను రెండుసార్లు ఎగశ్వాస పీల్చి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. పడవ మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. బావ తాడు లాగాడు. లాగాడు. లాగాడు. పన్నెండుసార్లు లెక్కపెట్టాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పసుపు పని చేసేసింది, అయిపోయింది అనుకున్నాను. పసుపు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. అక్క కుడి చెయ్యి పైకెత్తి, ఇదొక తప్పు లెక్కపెట్టుకో అన్నట్టు ఒక వేలు చూపించింది, అంతే.

అప్పుడే గోడ నీడలోంచి ఒక పుట్టి వచ్చింది. గుండ్రటి పుట్టిలో ఒక ముసలావిడ, చీర మీద మగ చొక్కా, చేతిలో ఒకే తెడ్డు, కాళ్ల దగ్గర జెల్ల చేపలు.

"ఏమైంది బిడ్డా?" అంది.

"ఆగింది అవ్వా."

ఆమె పుట్టిని తిప్పుకుంటూ దగ్గరకు వచ్చి ఇంజను వంక పరీక్షగా చూసింది. "పెట్రోలు మూత మీద చిన్న బిరడ ఉన్నదా? తిప్పినవా?" అంది.

మూత మీద నిజంగానే ఒక చిన్న మర ఉంది. పొద్దున పెట్రోలు పోసి, ఒలకకుండా బావ దాన్ని గట్టిగా బిగించాడు. గాలి లోపలికి పోక పెట్రోలు దిగడం లేదు. మర వదులు చేసి తాడు లాగితే రెండోసారికే అందుకుంది.

"నీకెట్ల ఎర్కవ్వా?" అన్నాను.

"పత్తికి మందు గొట్టే ఇంజను వీపుకేసుకొని మూడేండ్లు కూలికి పోయిన. అది గిట్లనే సతాయిస్తది," అంది. ఆ ముసలావిడ ముందు నా పుస్తకం పరువు పోయింది. ఆ మర సంగతి అందులో ముప్పై మూడో పేజీలో ఉందని సాయంత్రం చూసుకున్నాను. జెల్లలు కొంటామంటే అమ్మలేదు. అవి ఇంటికట. పచ్చిపులుసు, రెండు రొట్టెలు ఇస్తే మాత్రం తీసుకుని పుట్టిలోనే కూర్చుని తిన్నది.

"సాయం తీస్కున్నడు," అంది అక్క, ఆమె వెళ్లిపోయాక.

"మాట సాయం, అక్కా. తాడు ఆయనే గుంజిండు," అన్నాను.

అక్క ఆలోచించింది. "సరే," అంది. కానీ ఆ వేలు దించడానికి ఇంకా కొంత సమయం పట్టింది.

సీతాఫలాల ఒడ్డు

అడవి ఒడ్డున పడవలు ఆగే జాగా ఒకటుంది. అచ్చంపేట వైపు అడవి గూడేల వాళ్లు సీతాఫలాలు, తేనె తెచ్చి అక్కడ పెడతారు. ఎండుచేపలు ఇచ్చి పండ్లు తెచ్చుకోవడం బావకు పాత అలవాటు. ఒక్క రూపాయి చేతులు మారలేదు. తూకం కూడా లేదు. బావ ఎండుచేపల బుట్ట కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. ఒకామె వచ్చి చూసి, సీతాఫలాల గంప పక్కన పెట్టి తనూ వెనక్కి వెళ్లింది. ఇద్దరికీ నచ్చితే ఎదుటివాళ్లది తీసుకోవాలి. నచ్చకపోతే నోరు తెరవకుండా ఇంకొంచెం కలపాలి. బావ ఇంకో గుప్పెడు కలిపాడు. ఆమె తలూపింది. మా చిట్యాల సంతలో ఇలా ఎవరైనా బుట్ట వదిలి వెనక్కి నాలుగడుగులు వేస్తే బుట్ట కనబడకుండా పోతుంది.

ఒక పండు ఆమె నా చేతిలో పెట్టింది. కళ్లు విచ్చి, పట్టుకుంటే చితికేంత పండింది. హైవే మీద రాళ్లలాంటి కాయలు కొని బియ్యంలో మాగబెట్టుకునే నాకు, చెట్టు మీద పండిన సీతాఫలం అంత తియ్యగా ఉంటుందని యాభై ఏళ్లు వచ్చాక తెలిసింది. అడవి కాపలా మనిషి వచ్చి, ఇక్కడ పులులు తిరుగుతాయి, పొద్దు వాలకముందే బయలుదేరండి అన్నాడు. రెండు పండ్లు తీసుకుని ఇంజనును చుట్టూ తిరిగి చూసి, "మైలేజీ ఎంతిస్తది?" అని అడిగాడు. నేను కలిసిన మగవాళ్లంతా అడిగిన మొదటి ప్రశ్న అదే.

సాయంత్రానికి తిరిగి రాములమ్మ వాకిట్లో ఉన్నాం. ఏడున్నర గంటలు పూర్తయ్యాయి. ధార ఆగలేదు. నా భయమూ ఆగలేదు.

ఇంకో రెండు గంటలు

ఆదివారం తిరుగు ప్రయాణం. ఇంటికి రెండున్నర గంటలు. అరగంట నడిచామో లేదో వెనక నుంచి పెద్ద మోతతో ఒక ఫైబరు పడవ వచ్చింది. నడిపేది నల్ల కళ్లద్దాల మనిషి, బావకు ముఖపరిచయం. మా చుట్టూ ఒక చక్కరు కొట్టాడు. అలకు పడవ ఊగి అక్క ఒళ్లో మూట తడిసింది.

"ఏంది సైదులన్నా, ఇంజను కొన్నవా, గాడిదను కొన్నవా?" అన్నాడు.

బావ నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పదో తరగతి పిల్లల్ని ఇరవై ఆరేళ్లు గడగడలాడించిన దాన్ని. "తిప్పు బావా! జర వాని మొఖం సూద్దాం!" అన్నాను, పుస్తకం ఒళ్లోంచి కింద పడుతుంటే.

బావ చేతి వేళ్లు పిడి మీద బిగుసుకోవడం చూశాను. ముప్పై ఏళ్లు తెడ్డు వేసిన మనిషి, చేతిలో మొదటిసారి అంత బలం. తిప్పితే చాలు. తిప్పలేదు.

"ఇంక రెండు గంటలున్నయ్ మరదలా. వాడు ఇయ్యాల పోతడు. నేను పదేండ్లు పోవాలె," అన్నాడు.

పుస్తకం తీసి దులుపుకున్నాను. సిగ్గేసింది. మూడు రోజుల్లో మొదటిసారి అక్క ఆయన వైపు తిరిగి కూర్చుంది.

ఆయిల్

మధ్యాహ్నం రెండింటికి రేవు చేరాం. పది గంటల రెండు నిమిషాలు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ తీయాలి, చల్లబడితే అడుగున మడ్డి ఉండిపోతుంది. బావ పడవను ఒడ్డుకు లాగి, ఇంజనును నిటారుగా పెట్టి, కింద అల్యూమినియం గిన్నె పెట్టాడు. షాపతను ఇచ్చిన పానా ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. నేను పుస్తకం ముందే చదివి ఉంచాను, ఈసారి వరస తప్పి, నేరుగా ఆ పేజీకే వెళ్లి.

పై మూత తీశాడు. కింది మర తిప్పాడు. సన్నటి నల్లటి తీగలా ఆయిల్ గిన్నెలోకి దిగడం మొదలైంది.

అది పూర్తిగా దిగేదాకా ఆగితే నేను పిరికిదాన్నవుతాను. ఫలితం తెలిశాక చెప్పే నిజం నిజం కాదు. "అక్కా, ఒక మాట," అన్నాను. "మొదటి గంట ఇంజనుకు నీళ్లు తిరుగలే. నీళ్లొచ్చే బొక్కల పసుపు నిండింది. అండ్ల బొట్టు పెట్టింది నేను. బావ తప్పేం లేదు. ఇంజను ఖరాబైతే అది నా చెయ్యితోని అయింది. ఆయన్ని మేళ్లచెరువు పంపితే నావల్ల పంపినట్టు."

అక్క నా వైపు చూడలేదు. గిన్నె వంకే చూస్తోంది.

బావ ఆయిల్‌లో రెండు వేళ్లు ముంచి, బొటనవేలితో రుద్దాడు. కళ్లు మూసుకుని రుద్దాడు. నా చేతిరుమాలు అడిగి దానికి పూశాడు. ఎండలో పట్టి చూశాం. నల్లగా, అక్కడక్కడ సన్నటి మెరుపు. అది కొత్త ఇంజనులో మామూలేనని పుస్తకం చెబుతోంది. ఇసుక లేదు, పలుకు లేదు. వాసన చూశాడు. నాకూ చూపించాడు. కమురు లేదు.

"మంచిగుంది," అన్నాడు. మళ్లీ అన్నాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఇంజనును చల్లబరిచే నీరు అసలు కింది నుంచి పోతుందని, ఆ బొక్క మనకు చూపించడానికేనని నలభై ఒకటో పేజీలో ఉంది. అది నేను చిట్యాల వచ్చాక చదివాను.

అక్క అప్పుడు నోరు తెరిచింది. "నువ్వు పెట్టిన బొట్టు ఎంతదే? చిటికెన ఏలంత. దానికే గా బొక్క లోపటిదాకా నిండుతదా?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు బ్యాగు కోసం ఇంట్లకు పోయినవ్. గీయన పెట్రోలు డబ్బా తేబోయిండు. పసుపు ముద్ద మిగిలింది. నేనే ఎనుక దిక్కు అంతట మెత్తిన. ఏ దిక్కుకెళ్లి ఏమొస్తదోనని సందు లేకుంట మెత్తిన."

బావ పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "పెట్ట అంటివి గద, లక్ష్మీ?"

"మీ ముంగట పెట్ట అన్న," అంది అక్క. అని, విసురుగా కొంగుతో మొహం తుడుచుకుంది.

బావ కింది మరకు కొత్త వాషరు వేసి బిగించాడు. కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంది. కొత్తది కదా, కడుపు నిండా పోద్దాం అని సీసా ఎత్తాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, ఇంజను మీది కొలత గీత దాకానే పోయించాను. పాత ఆయిల్ నీళ్లలో పారబోయకుండా సీసాలో పట్టి పెట్టాం. పడవను మళ్లీ నీళ్లలోకి దించాం. బావ ఎడమ చేత్తో తాడు లాగాడు. మొదటిసారికే అందుకుంది. ధార వచ్చింది.

అప్పుడే అక్క ఫోను మోగింది. మేళ్లచెరువు నుంచి అన్న. సోమవారం దాకా ఆగలేక ముందే అడుగుతున్నాడు. అక్క ఇంజను మోతకు దూరంగా రెండడుగులు జరిగి, గట్టిగా మాట్లాడింది. ఒడ్డు మీద అందరికీ వినబడింది.

"లే అన్నా, రాడు. గా జాగా ఇంకెవ్వలకన్న ఇయ్యిమను. ఆ, ఇంజను మంచిగనే ఉంది," అంది. అవతల అన్న ఇంకేదో అడిగాడు. అక్క పడవలో ఉన్న బావ వైపు చూసింది.

"మంచిగ లేకున్నా పంపేదాన్ని కాదు," అంది.